కమ్మీకి గుచ్చిన భారతం నోటీసులు: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

తిరుపతి పాత ఊళ్లో ఒక అచ్చాఫీసు ఉండేది. ఇప్పుడు ఆ మిద్దెను పడగొట్టి లాడ్జి కట్టబోతున్నారు. ట్రెడిల్ మిషను ఎప్పుడో పాత ఇనుము కింద పోయింది, సీసపు టైపు తూకానికి పోయింది. మిగిలినవి గోడ మేకులకు వేలాడుతున్న కమ్మీలు. కిరాణా కొట్లో బిల్లులు గుచ్చే ఇనుప కమ్మీలే ఇవి కూడా: అడుగున చెక్కబిళ్ల, పైన కొక్కెం, మధ్యలో మూరెడు మందాన కాగితాలు.

ఏ పని అచ్చు వేసినా ఒక కాపీ కమ్మీకి గుచ్చాలన్నది యజమాని తండ్రిగారు పెట్టిన నియమం. చరిత్ర మీద మోజుతో పెట్టింది కాదు. మరుసటి ఏడు అదే గుడి ధర్మకర్త వచ్చి, “పోయినేడు వేసినట్టే వేసివ్వండి, తేదీలు మాత్రం మార్చండి” అంటే వెతుక్కోవడానికి.

“పాత పేపర్లవాడు రేపు వస్తానన్నాడు టీచరమ్మా. వీటితో నువ్వేం చేసుకుంటావు?” అని అడిగాడు యజమాని.

“ఫొటోలు తీసి దాస్తానన్నా. అసలువి కూడా దాస్తాను.”

“పెళ్లి పత్రికలు కూడానా?”

“అన్నీ.”

ఆయన నవ్వి, ఆటో మాట్లాడి పెట్టాడు.

కమ్మీల మీద లేనిది లేదు. భారతం నోటీసులు, హరికథ కరపత్రాలు, సినిమా హాళ్లు వారం వారం పంచిన రంగు కాగితాలు, ట్యుటోరియల్ కాలేజీల ప్రకటనలు, శుభలేఖలు, ఉత్తరక్రియల పత్రికలు, గంగజాతర చందా రసీదులు, వార్డు ఎన్నికల కరపత్రాలు, ఒక సోడా కంపెనీ లేబుల్. తారీఖు దాటగానే పొట్లం కట్టడానికి తప్ప మరెందుకూ పనికిరావని అందరూ అనుకునే కాగితాలు. గ్రంథాలయ చట్టం కూడా వీటిని లెక్కలోకి తీసుకోలేదు. 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం ప్రచురణకర్త ప్రతి పుస్తకం కాపీని కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరా వంటి మరికొన్నింటికీ పంపాలి. ఒంటి కాగితపు నోటీసుకు ఆ బాధ్యత లేదు. కాబట్టి ఏ గ్రంథాలయమూ వీటిని అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

తిరుపతిలో ఉంటూ ఈ మాట అనడం విచిత్రంగా ఉంటుందని తెలుసు. దేవస్థానం వారిది అంగుళం అచ్చు కూడా ఎక్కడో ఒక చోట భద్రంగానే ఉంటుంది. కొండ మీద ఒక బ్రహ్మోత్సవం జరిగితే దానికి వంద ఆధారాలు. కొండ కింద పల్లెలో ఒక ఎండాకాలం పద్దెనిమిది రాత్రులు భారతం ఆడితే, దానికి మిగిలే ఆధారం ఒక గులాబీరంగు నోటీసు మాత్రమే. అందుకే ముందు భారతం నోటీసుల పని పెట్టుకున్నాను.

ఈ ప్రాంతం కాని వారి కోసం నాలుగు మాటలు. చిత్తూరు సీమలో పుత్తూరు, నారాయణవనం, నగరి, కాళహస్తి వైపు ఎక్కడికి వెళ్లినా ద్రౌపదమ్మ గుడో ధర్మరాజుల గుడో కనిపిస్తుంది. అక్కడ ఏటా భారతం జరుపుతారు. పగలు హరికథ, రాత్రి పది దాటాక తెల్లవార్లూ నాటకం. పద్దెనిమిది రోజులు ఆనవాయితీ; స్తోమతను బట్టి తగ్గించుకునే ఊళ్లూ ఉన్నాయి. బకాసుర వధ నాడు బండెడు అన్నం ఊరేగుతుంది. అర్జున తపస్సు నాడు వేషధారి ఆకాశమంత ఎత్తు మాను ఎక్కి, పై నుంచి నిమ్మకాయలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద ఎదురుచూస్తుంటారు. చివర్లో దుర్యోధన వధ. నేల మీద పరుండబెట్టిన పెద్ద మట్టి దుర్యోధనుడి చుట్టూ భీముడూ దుర్యోధనుడూ తరుముకుంటారు. ఆ సాయంత్రమే నిప్పుల గుండం. ఏ రోజు ఏ కథ, ఎవరు చెబుతారు, ఏ నాటకం, ఎవరు ఏ వేషం కడతారు, ఆ పూట ఖర్చు పెట్టుకునే ఉభయదారులెవరు, ఇదంతా ఒక్క కాగితంలో ఉంటుంది.

జూన్, మూడో వారం

కాగితాలను కమ్మీ మీద నుంచి పైకి లాగకూడదు. తుప్పు గరుకుకు ప్రతి కాగితం చిల్లూ చిరిగి పెద్దదవుతుంది. కొక్కెం కత్తిరించి, పైకి కనిపించే ఇనుమును గరుకు కాగితంతో రుద్ది, కాగితాల దొంతరను ఇద్దరం పట్టుకుని కమ్మీని మెల్లగా కింది నుంచి లాగేశాం. నాతో పాటు పనిచేస్తున్నది మా మేనల్లుడు, కంప్యూటర్ చదువు వాడు, సెలవులకు వచ్చి దొరికిపోయాడు.

వాడు ముందుగా అడిగిన ప్రశ్న: “అత్తా, భారతం నోటీసులన్నీ ఒక పక్క, శుభలేఖలన్నీ ఒక పక్క వేసేద్దామా?”

వద్దన్నాను. కమ్మీ మీద ఏ కాగితం దేని మీద ఉందో అదే మనకున్న మొదటి ఆధారం. అడుగునున్నది ముందు అచ్చయింది, పైది తరువాత అచ్చయింది. తారీఖు లేని నోటీసుకు కిందనున్న శుభలేఖలో సంవత్సరం ఉంటే, పైనున్న రసీదులో సంవత్సరం ఉంటే, మధ్యలోది ఎప్పటిదో తేలిపోతుంది. విడదీసి కుప్పలు పోస్తే ఆ సమాచారం పోతుంది, ఏ కంప్యూటరూ దాన్ని తిరిగి తేలేదు. అందుకని కమ్మీ నుంచి తీసిన వరసలోనే ప్రతి కాగితం వెనక మూలన మెత్తటి పెన్సిలుతో కమ్మీ అక్షరం, వరస సంఖ్య రాశాం. పెన్ను వాడలేదు, సిరా కాగితంలోకి దిగుతుంది, ముందు వైపు కూడా కనిపిస్తుంది. విడదీసి చూపడం తరువాత మేం తయారుచేసే కంప్యూటర్ జాబితాలో ఒక్క మీటతో అయ్యే పని.

శుభ్రం చేయడానికి మెత్తటి కుంచె తప్ప మరేమీ వాడలేదు. గుండుసూదులు తీసేశాం. సెల్లో టేపు అతికించి ఉన్నచోట ముట్టుకోలేదు. లాగితే అక్షరాలతో సహా వస్తుంది. లామినేషన్ చేయించమని కనీసం ముగ్గురు సలహా ఇచ్చారు. వేడికి ప్లాస్టిక్ కాగితంలో కరిగి కూర్చుంటుంది, మళ్లీ ఊడదీయలేం. ఊళ్లో ఎంతోమంది ఇళ్లలో అభిమానంతో లామినేషన్ చేయించిన సన్మానపత్రాలు పసుపుపచ్చ రేకుల్లా మారి ఉండటం చూశాను. అభిమానం ఉన్నవాళ్లే ఎక్కువ పాడుచేస్తారని గట్టిగా నా అభిప్రాయం.

జూన్ చివర

స్కానింగు మొదలైంది. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), పూర్తి రంగుల్లో, టిఫ్ ఫైలుగా. ఒక ఏ4 కాగితం ఈ లెక్కన సుమారు 46 ఎంబీ అవుతుంది. ఇది అసలు ప్రతి. దీన్ని ఎవరూ ముట్టుకోరు. చూడటానికి, పంపడానికి దీని నుంచి చిన్న జేపెగ్ తీస్తాం.

నలుపు తెలుపుల్లో తీస్తే పదో వంతు చోటు చాలు కదా అని మేనల్లుడి వాదన. వాడికి ఒక నోటీసు చూపించాను. అంచుల చుట్టూ రెండు వేళ్ల వెడల్పున తెల్లబడింది, మధ్యలో ఇంకా చిక్కటి గులాబీ. కమ్మీ మీద ఒకదాని మీద ఒకటి ఉండటం వల్ల వెలుగు అంచులకే తగిలింది. మొదట్లో ఆ నోటీసు ఎలాంటి రంగులో వీధిలో ఎగిరిందో ఆ మధ్య భాగమే చెబుతుంది. రంగుకు ధర కూడా ఉండేది. తెల్ల కాగితం కంటే రంగు కాగితం నాసిరకం, చవక. ఏ గుడి తెల్ల కాగితం మీద వేయించింది, ఏ గుడి రంగు కాగితంతో సరిపెట్టుకుంది అన్నది కూడా సమాచారమే. వాడు ఒప్పుకున్నాడు.

కాగితం పల్చన. రెండు వైపులా అచ్చున్న వాటిని మామూలుగా స్కాన్ చేస్తే వెనక అక్షరాలు ముందుకు దయ్యాల్లా కనిపిస్తున్నాయి. కాగితం వెనక నల్ల చార్టు ముక్క పెడితే చాలావరకు తగ్గింది. స్కానర్ మూతలోని తెలుపు వెలుగును తిప్పికొట్టడమే కారణం.

వెనక వైపు ఖాళీగా ఉన్నా స్కాన్ చేస్తున్నాం. లెటర్ ప్రెస్ నోటీసును, అంటే సీసపు అక్షరాలు నేరుగా ఒత్తి అచ్చు వేసినదాన్ని, వెనక నుంచి వేలితో తడిమితే అక్షరాల ఒత్తిడి తగులుతుంది. ఆఫ్‌సెట్‌లో తగలదు. దీపాన్ని కాగితానికి పక్కనుంచి పెట్టి ఫొటో తీస్తే ఆ ఎత్తుపల్లాలు తేటగా కనబడతాయి. ఇదొక్కటి స్కానర్‌తో సాధ్యం కాదు, ఫోను కెమెరానే మేలు. పైగా వెనక వైపే అచ్చాఫీసు లెక్కలున్నాయి: “వెయ్యి. పింకు. అడ్వాన్సు ముట్టింది.” ఒకదాని మీద “దేవుడి బ్లాకు కాళహస్తి వాళ్లది, తిరిగి ఇవ్వవలె” అని ఉంది. నోటీసు నెత్తిన కనిపించే ద్రౌపదమ్మ బొమ్మ, ఆ జింకు బ్లాకు, అచ్చాఫీసుల మధ్య చేబదులుగా తిరిగేదని దీన్ని బట్టి తెలిసింది. నాలుగు ఊళ్ల నోటీసుల మీద ఒకే అమ్మవారు, ఎడమ చెవి దగ్గర ఒకే గీత.

అచ్చాఫీసు పేరు ప్రతి నోటీసు అడుగునా చిన్నక్షరాల్లో ఉంది. అది ప్రచారం కోసం వేసుకున్నది కాదు. 2024 దాకా అమల్లో ఉన్న 1867 నాటి ముద్రణాలయాల చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీద ముద్రాపకుడి పేరు, అచ్చు వేసిన చోటు ఉండాల్సి వచ్చేది. బ్రిటిష్ వాళ్లు ఎవరేం అచ్చు వేస్తున్నారో కనిపెట్టడానికి పెట్టిన నియమం అది. ఇవాళ నాలాంటి వాళ్లకు అదే దిక్కు. ఎన్నికల కరపత్రాలకైతే ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఎ సెక్షన్ వల్ల ముద్రాపకుడితో పాటు ప్రచురించిన వాడి పేరూ చిరునామా కూడా ఉండాలి.

జూలై, రెండో వారం

ఈ వారమంతా తారీఖుల గొడవ. భారతం నోటీసుల్లో తేదీ, వారం ఉంటాయి. ఇంగ్లీషు సంవత్సరం చాలాసార్లు ఉండదు. “శ్రీ ఫలానా నామ సంవత్సర” అని నెత్తిన ఉంటుంది. చదివేవాళ్లకు ఈ ఏటిదే అని తెలుసు, ఇంకెందుకు?

ఒక నోటీసుకు పై భాగం చిరిగింది. మిగిలింది “శ్రీ క్రో” అన్న రెండక్షరాలు. అరవై సంవత్సరాల్లో “క్రో”తో మొదలయ్యేవి రెండే: క్రోధి, క్రోధన. క్రోధి అయితే 1964–65. క్రోధన అయితే 1985–86. ఇరవై ఒక్కేళ్ల తేడా. ఏ4 కంటే చిన్న పసుపురంగు కాగితం, లెటర్ ప్రెస్. రెండు కాలాల్లోనూ ఈ అచ్చాఫీసులో అదే మిషను.

చివరి రోజు “తేది 12–5 ఆదివారం, ధర్మరాజుల పట్టాభిషేకం” అని ఉంది. 1964లో మే 12 మంగళవారం. 1985లో ఆదివారం. అక్కడికే సరిపోయింది. కానీ నోటీసులో ఇంకో వరస ఉంది: “4–5 శనివారం. చంద్రగ్రహణం. ఆట లేదు.” 1985 మే 4 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. మన లెక్కన అర్ధరాత్రికి కాస్త ముందు పట్టి, మూడు దాటాక విడిచింది. సరిగ్గా నాటకం రంజుగా సాగాల్సిన వేళ. ఏప్రిల్ 25న మొదలై మే 12న ముగిసిన పద్దెనిమిది రోజుల భారతం, మధ్యలో ఒక రాత్రి గ్రహణం. తల చిరిగిన కాగితానికి ఆకాశమే సాక్ష్యం చెప్పింది.

అన్నిటికీ ఇంత అదృష్టం ఉండదు. మిగతా వాటికి చిన్న గుర్తులు పట్టుకుంటున్నాం. టిక్కెట్టు ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది, లేదా ఆ అలవాటు ఇంకా పోని రోజులది. “న.పై.” అని ఉంటే 1957కూ 1964కూ మధ్య. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరువాతది. లేకపోతే ఏమీ చెప్పలేం, ఎందుకంటే చాలామంది ఆ తరువాత ఇరవై ఏళ్లు కూడా పిన్‌కోడ్ వేయలేదు. నాటక సమాజం ఊరి పేరు పక్కన “మద్రాసు రాష్ట్రం” అని ఉంటే 1969కి ముందు. ₹ గుర్తు కనిపిస్తే 2010 జూలై దాటింది. కొన్ని గుర్తులు కాగితం ఇంతకంటే పాతది కాదని, కొన్ని ఇంతకంటే కొత్తది కాదని మాత్రమే చెబుతాయి. అందుకే జాబితాలో తారీఖుకు రెండు గడులు పెట్టాం: “దీనికి ముందు కాదు”, “దీని తరువాత కాదు”. మూడో గడిలో ఎందుకలా అనుకున్నామో రాస్తున్నాం. ఆ మూడో గడి లేకపోతే రేపు చూసేవాడు మా మాట నమ్మాలి, లేదా మొదటి నుంచీ మళ్లీ వెతుక్కోవాలి.

ఇంకో తలనొప్పి జిల్లా. నోటీసుల మీద అన్నిచోట్లా “చిత్తూరు జిల్లా”. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. పుత్తూరు, నారాయణవనం, కాళహస్తి ఇటు వచ్చాయి. అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, ఇప్పటి జిల్లా వేరే గడిలో. అచ్చును సరిదిద్దే హక్కు మాకు లేదు.

జూలై చివర

గ్రహణం నోటీసులో ద్రౌపది వేషధారి పేరు దగ్గర సరిగ్గా కమ్మీ చిల్లు పడింది. చిల్లు చుట్టూ తుప్పు వలయం. ముందు రెండక్షరాలు, చివర “య్య” మాత్రం మిగిలాయి. స్కానింగు ఎంత బాగా చేసినా లేని అక్షరం రాదు.

హార్మోనియం వాయించిన ఆయన ఇంకా ఉన్నారని తెలిసి, పుత్తూరు దగ్గరి పల్లెకు వెళ్లాం. ఎనభై దాటిన మనిషి. పంచలో మంచం మీద కూర్చుని ఉన్నారు. అసలు కాగితం కాకుండా, పెద్దక్షరాలతో అచ్చు తీసిన నకలు తీసుకెళ్లాం. చూపు ఆనడం లేదు, చదివి వినిపించమన్నారు.

ద్రౌపది దగ్గరికి వచ్చి ఆగాను. “ఇక్కడ చిల్లు పడింది తాతా, పేరు కనిపించడం లేదు.”

ఆయన క్షణం ఆలోచించలేదు. పేరు, ఊరు, ఇంటిపేరు చెప్పి, “ఆయన ద్రౌపది కట్టి కురుల ముడి విప్పితే ఆడవాళ్లు ఏడ్చేవాళ్లమ్మా. మీసం తీసినందుకు ఇంట్లో భార్య అలిగేది” అన్నారు. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్ల కుటుంబాన్ని వెతికి అడిగాకే బయటికి ఇస్తాం. జాబితాలో మాత్రం చేరింది.

“గ్రహణం నాడు ఆట లేదని వేశారు కదా తాతా, ఆ రాత్రి మీకు సెలవా?”

“సెలవేమిటి? ఆట లేకుంటే కూలి లేదు.”

ఇంకా కొన్ని చెప్పారు. కర్ణమోక్షం నాడు కర్ణుడి పేరు అచ్చులో ఒకటి, వేషం కట్టింది ఇంకొకరు. అచ్చులో పేరున్నాయన జ్వరంతో పడుకున్నాడు. హార్మోనియం పక్కన పడిన పేరు కూడా ప్రతి ఏడూ ఆయనది కాదు. అదే పేరుతో నగరి వైపు ఇంకొకరు ఉండేవారు, ఇద్దరినీ ఊరి పేరుతోనే గుర్తుపట్టాలి. మేం ఇప్పటిదాకా ఆ ఇద్దరినీ ఒక్కరిగానే చేర్చుకుంటూ వచ్చే ప్రమాదంలో ఉన్నాం.

నోటీసు జరగబోయేదాన్ని చెబుతుంది, జరిగినదాన్ని కాదు. ఇది తెలిసిన విషయమే అయినా, ఎదురుగా మనిషి కూర్చుని చెబితే తప్ప దాని బరువు తెలియలేదు. ఆ రాత్రి నుంచి జాబితాలో “అచ్చులో ఉన్నది”, “విన్నది” అని రెండు వేరు వరసలు పెట్టాం. విన్నదానికి ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అని తప్పక రాస్తున్నాం. ఆయన అనుమతితో మాటలు రికార్డు చేశాం.

ప్రాజెక్టు వేగం గురించిన నా ఆలోచన ఇక్కడే తలకిందులైంది. అన్ని కాగితాలూ స్కాన్ చేశాక తీరిగ్గా మనుషుల దగ్గరికి వెళదామన్నది ముందు వేసుకున్న పథకం. కాగితానికి ఇప్పుడు తొందర లేదు. చెదలు రాని బీరువాలో ఇంకో ఇరవై ఏళ్లయినా ఉంటుంది. తొందరంతా దాన్ని చదివి అర్థం చెప్పగల మనుషుల గురించే. కాబట్టి ఇకపై ఏ నోటీసులో బతికి ఉన్నవాళ్ల పేర్లు తగిలితే దానికే ముందు వరస. స్కాన్ నాణ్యత తక్కువైనా సరే, ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లిపోవడమే.

అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించారు. రేకులకు ఏమీ కాలేదు. కొండ మీద సంకీర్తన భాండాగారంలో శతాబ్దాల పాటు అలాగే ఉండి, 20వ శతాబ్దంలో పండితులు పరిష్కరించి అచ్చు వేస్తేనే మళ్లీ జనంలోకి వచ్చాయి. ఈలోగా చాలావాటి పాత బాణీలు పోయాయి. రాగం పేరు రేకు మీద ఉంది. పాడే గొంతు లేదు. రాగికే ఆ గతి పడితే హార్డ్ డిస్కు గురించి ధీమా పడటానికి నాకు మనసొప్పడం లేదు.

ఆగస్టు, మొదటి వారం

ఎదురుచూడని లోటు ఒకటి బయటపడింది. సంవత్సరాల వారీగా నోటీసులు లెక్కవేస్తే 1970లు, 80లు నిండుగా ఉన్నాయి. 1990ల చివర నుంచి పలచబడ్డాయి. గత పదేళ్లవి దాదాపు లేవు. పాతవి పోతాయి, కొత్తవి ఉంటాయి అనుకుంటాం. ఇక్కడ తిరగబడింది.

కారణం వెతకడం కష్టం కాలేదు. చేత్తో టైపు పేర్చే కంపోజింగు పోయి, కంప్యూటర్లో పేజీ తయారుచేసే డీటీపీ వచ్చాక కమ్మీకి గుచ్చే అలవాటు పోయింది. “పోయినేటిది” కంప్యూటర్లోనే ఉందిగా. అవును, ఉంది. యజమాని కొడుకు పాత కంప్యూటర్ పెట్టె, ఫ్లాపీల డబ్బా, సీడీల సంచి ఇచ్చాడు. ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌వి. ఆ సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ 7.0, 2001లో వచ్చింది. ఆ తరువాత అడోబీ దాన్ని వదిలేసింది. అక్షరాలు అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే ద్రౌపదీ వస్త్రాపహరణం కాస్తా ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కల గందరగోళంగా కనిపిస్తుంది. తెలుగుకు 1991 నుంచే యూనికోడ్‌లో (ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే ఉమ్మడి అక్షరాల పద్ధతిలో) చోటున్నా, మన డీటీపీ దుకాణాలు ఆ తరువాత రెండు దశాబ్దాలు కూడా పాత ఫాంట్లతోనే పనిచేశాయి.

మేనల్లుడు ఒక కంప్యూటర్ లోపల ఇంకో పాత కంప్యూటర్‌ను నడిపే పద్ధతిలో విండోస్ ఎక్స్‌పీని లేపి, పేజ్‌మేకర్ ఎక్కించి, ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి పీడీఎఫ్ చేస్తున్నాడు. తెరుచుకున్న వాటి పాఠాన్ని ఫాంట్ మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తెస్తున్నాం. ఒత్తులు, వట్రసుడులు అక్కడక్కడా తప్పుతాయి, చేత్తో దిద్దాలి. ఫ్లాపీల్లో చాలావరకు చదవబడటం లేదు. 1964 నాటి నోటీసు చదవడానికి కళ్లజోడు చాలింది. 2002 నాటిదానికి ఇంత తతంగం.

గత పదేళ్ల సంగతి ఇంకా హీనం. ఇప్పుడు భారతం ఆహ్వానం వాట్సాప్‌లో బొమ్మగా వస్తుంది. పంపేటప్పుడు బొమ్మ కుదించుకుపోతుంది, తీసిన తేదీ వంటి లోపలి వివరాలు ఊడిపోతాయి. అడుగున అచ్చాఫీసు పేరు ఉండదు. పది గుంపుల్లో తిరిగి, ఉత్సవం అవగానే “ఫోనులో చోటు లేదు” అన్న మాటతో పోతుంది. ఊరి మొగదలలో కట్టే ఫ్లెక్సీ ఫైలును దుకాణదారు డిస్కు నిండగానే తుడిచేస్తాడు. ఫ్లెక్సీ మాత్రం ఎవరి పాకకో పైకప్పుగా చేరుతుంది. ఆ లెక్కన ఫైలు కంటే ఫ్లెక్సీకే ఆయుష్షు ఎక్కువ.

దీనికి మేం చేస్తున్నది చిన్న పని. ఉత్సవ కమిటీ వాళ్లను పట్టుకుని, ఆహ్వానాన్ని వాట్సాప్‌లోనే ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపమంటున్నాం. అలా పంపితే కుదించుకుపోదు. వచ్చిన రోజే ఊరు, గుడి, ఎవరు పంపారు, ఎప్పుడు అని రాసి పెడుతున్నాం. మామూలు కాగితం మీద ఒక ప్రింటు తీసి బీరువాలో వేస్తున్నాం. అన్నట్టు, బస్సు టిక్కెట్లు కూడా కొన్ని చేరాయి. కండక్టరు పంచ్ కొట్టిచ్చిన పాత రంగు టిక్కెట్లు చెక్కుచెదరలేదు. మిషనులో వచ్చే టిక్కెట్లు వేడితో అచ్చయ్యే రకం కాబట్టి తిరుపతి ఎండకు అక్షరాలు మాయమవుతున్నాయి. అలాంటివి దొరికిన పూటే స్కాన్ చేయాలి.

ఆగస్టు, మూడో వారం

ఇంటర్నెట్‌లో ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్నది తేల్చుకున్నాం. రచయిత పేరు లేని రచనకు మన కాపీరైటు చట్టం ప్రకారం ప్రచురించిన ఏడాది తరువాత అరవై ఏళ్లు రక్షణ. అంటే 1964 నాటి నోటీసు 2025 జనవరి 1 నుంచి అందరిదీ. 1985 గ్రహణం నోటీసు 2045 చివరిదాకా కాదు. అందరివీ అయినవి ముందుగా, బాగా చదవగలిగే పరిమాణంలో బయటపెడతాం. మిగతావాటికి జాబితా వివరాలు మాత్రమే, గుడి కమిటీ రాసిచ్చిన చోట బొమ్మ కూడా.

శుభలేఖలు, ఉత్తరక్రియల పత్రికలు బయటికి వెళ్లవు. వాటిలో ఇంటిపేర్లు, కులం, చిరునామా, ఎవరెవరికి ఏమవుతారు అన్నీ ఉంటాయి. అచ్చు వేయించినవాళ్లు బంధువుల కోసం వేయించారు, లోకం కోసం కాదు. వాటిని కమ్మీ వరసలో తారీఖు సాక్షులుగా వాడుకుంటున్నాం, అంతవరకే. చందా రసీదులూ అంతే. ఎవరు ఎంత ఇచ్చారన్నది ఇప్పటికీ ఊళ్లో గొడవలు పెట్టగలదు.

ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ జాన్సన్ అనే ఆయన ఇలాంటి చిల్లర కాగితాలనే జీవితాంతం కూడబెట్టాడు. విశ్వవిద్యాలయ ముద్రాపకుడు ఆయన. 1956లో పోయాడు, 1968లో ఆ సేకరణ బోడ్లియన్ గ్రంథాలయానికి చేరింది. అక్కడా అచ్చు పనివాడే దాచాడన్నది నాకు నచ్చింది. దాన్ని ఒక గ్రంథాలయం తలకెత్తుకుంది కాబట్టే నిలిచిందన్నది గమనించాను. మా దానికి ఆ ఆసరా ఇంకా దొరకలేదు. అడిగినచోట “స్కాన్ చేశారుగా, ఇంక కాగితాలెందుకు?” అంటున్నారు. కాగితం ఉంటేనే రేపు ఎవరైనా వెనక ఒత్తిడి తడిమి చూడగలరు, మేం గమనించనిది గమనించగలరు.

దొరికేదాకా ఏర్పాట్లు ఇవీ. డిజిటల్ ప్రతులు మూడు: ఒకటి నా దగ్గర, ఒకటి వేరే కంపెనీ డిస్కు మీద చిత్తూరులో మా తమ్ముడి ఇంట్లో, ఒకటి అద్దె సర్వరులో. ఒక్కో ఫైలుకు చెక్‌సమ్ (ఫైలులో ఏ కొంచెం మారినా మారిపోయే సంఖ్య) లెక్కగట్టి పెట్టాం. ఏటా ఒకసారి మళ్లీ లెక్కగట్టి పోలిస్తే ఏ ఫైలు చెడిందో తెలిసిపోతుంది. జాబితా సాదా పాఠంగా యూనికోడ్‌లో ఉంది, ఏ సాఫ్ట్‌వేర్ పోయినా తెరుచుకుంటుంది. దాన్నే కాగితం మీద అచ్చు తీసి, కుట్టించి, హార్మోనియం తాతగారి ఊళ్లోని గ్రంథాలయానికి ఒకటి, పుత్తూరుకు ఒకటి ఇచ్చాం. అసలు కాగితాలు ఆమ్లం లేని కాగితపు కవర్లలో, కమ్మీ వరసలోనే, నేలకు జానెడు ఎత్తున ఉన్న ఇనుప బీరువాలో ఉన్నాయి.

తెలుగు అక్షరాలను యంత్రం చేత చదివించే ప్రయత్నం కూడా చేశాం. టెస్సరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఆఫ్‌సెట్ పేజీల దగ్గర ఫరవాలేదనిపించింది. అరిగిన టైపు, విరిగిన ఒత్తులు, విల్లులా వంచి పేర్చిన శీర్షికల దగ్గర చేతులెత్తేసింది. పేర్లు తప్పుగా చదివితే మొత్తం పనికే ఎసరు కాబట్టి భారతం నోటీసులను చేత్తోనే టైపు చేస్తున్నాం. సినిమా హాలు నోటీసులకు యంత్రం చాలు. ఆ సినిమాల వివరాలు ఇంకో పది చోట్ల దొరుకుతాయి.

ఇక మిగిలినవి గోడపత్రికలు. 20×30 అంగుళాల డబుల్ క్రౌన్ కాగితాలు, ఎనిమిది మడతలు పెట్టి ఉన్నాయి. మడత దగ్గర విరిగిపోతున్నాయి కాబట్టి ఒక్కసారే విప్పి, ఒక్కసారే ఫొటో తీయాలి. పరచడానికి ఎండ పడని పెద్ద హాలు, పైనుంచి తీయడానికి స్టాండు, రెండు దీపాలు కావాలి. మా బడి హాలు ఆదివారం ఇస్తామన్నారు, ఫ్యాన్లు ఆపేయాలన్న షరతు నేనే పెట్టాను. మద్దెల వాయించినాయన ఒకరు నారాయణవనంలో ఉన్నారని తాతగారు చెప్పారు. గోడపత్రికల కంటే ముందు అక్కడికి వెళుతున్నాం.